డెబ్బై భాగాల పటం

నరసింహమూర్తి గారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో విశాఖపట్నం నుంచి డాక్టర్ కృపావరం దిగుతారు. తొమ్మిదికి రాజమండ్రి నుంచి డాక్టర్ సత్యానందం దిగుతారు. ఇద్దరినీ ఒకే కారులో ఎక్కించుకుని దగ్గర్లోని మంఖాల్ గ్రామానికి తీసుకువెళ్ళాలి. అక్కడి ఫంక్షన్ హాల్లో రెండు గంటలు వాదించుకోనివ్వాలి. పన్నెండింటికి ఒకే కాగితం మీద ఇద్దరి చేతా సంతకం చేయించి, పులిహోర పెట్టి, మళ్ళీ ఎయిర్‌పోర్టులో దింపెయ్యాలి. అక్కడి నుంచి ఒకరు చెన్నై, మరొకరు ఢిల్లీ వెళ్ళిపోతారు. మూడేళ్ళుగా జరగనిది రెండు గంటల్లో జరుగుతుందని ఆయన ఎలా నమ్మారని అడక్కండి. ముప్పై ఏళ్ళు కాలేజీలో ఛందస్సు చెప్పిన మనిషి దేన్నయినా నమ్మగలడు.

ఆ మూడేళ్ళ సంగతి ఇది. కాకినాడలో రిటైరై, శంషాబాద్‌లో ఫ్లాటు కొనుక్కున్నాక ఊరికే కూర్చోలేక ఆయన ఒక అనువాదం ఒప్పుకున్నారు. బైబిల్లో కనిపించని లోకం గురించి ఒక విదేశీ పండితుడు రాసిన పుస్తకం అది. దేవదూతలు, దేవుడి చుట్టూ కొలువుతీరే సభ, తాడిచెట్టంత మనుషులు, అన్నీ ఉన్నాయి అందులో. పొద్దున్నే సంధ్యావందనం చేసుకుని, కాఫీ తాగి, ఆయన ఆ లోకంలోకి దిగిపోయేవారు. మొదట కాలక్షేపానికి మొదలుపెట్టినది తర్వాత ప్రాణమైపోయింది. నాలుగు వందల పేజీలు పూర్తయ్యాయి. ఏడో అధ్యాయం దగ్గర మాత్రం బండి ఆగిపోయింది.

ఆగడానికి కారణం ఒకే ఒక్క ప్రశ్న. దేవుడు భూమ్మీది జనాలను డెబ్బై భాగాలుగా పంచి, సరిహద్దులు గీసి, ఒక్కో భాగాన్ని ఒక్కో దేవదూతకు అప్పగించాడా, లేదా? అప్పగించాడని కృపావరం గారు అంటారు. మృతసముద్రం పక్కన గుహల్లో దొరికిన ప్రతిలో అలాగే ఉందని ఆయన ఆధారం. అదేమీ లేదని సత్యానందం గారు అంటారు. తరతరాలుగా అందరి చేతుల్లో ఉన్న ప్రతిలో అలా లేదు కదా అని ఆయన ఆధారం. ప్రచురణకర్తలు ఈ ఇద్దరినే పరిశీలకులుగా పెట్టారు. ఇద్దరూ ఒకే పాఠానికి సంతకం చేస్తే పుస్తకం అచ్చుకు వెళ్తుంది. లేకపోతే రాతప్రతి వెనక్కి వస్తుంది.

నరసింహమూర్తి గారికి అరవై ఎనిమిది నిండాయి. ఇంకో పుస్తకం మొదలుపెట్టే ఓపిక లేదు. ఈ ఒక్కదాన్ని అచ్చులో చూసుకోవాలని మాత్రం చిన్నపిల్లాడిలా కోరిక. ఆయన భార్య లలితకుమారి గారి కోరిక ఇంకా చిన్నది. మూడేళ్ళుగా డైనింగ్ టేబుల్ నిండా కాగితాలే. మొగుడూ పెళ్ళాం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు.

"ఏమండీ, ఇవాళ సంతకాలు పడకపోతే మీ దేవదూతలందరూ అటకెక్కుతారు. ముందే చెప్తున్నాను, తర్వాత చెప్పలేదనకండి" అంది ఆవిడ, ఆరుగురికి సరిపడా పులిహోర డబ్బాలో సర్దుతూ.

కారు వీరేందర్‌ది. మంఖాల్ వాడు. ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు. ఫంక్షన్ హాలు కూడా అతని మేనమామదే. సారు గవర్నమెంటు కాలేజీలో చేసి రిటైరయ్యాడని, ఎప్పుడూ కాగితాల కట్టలతో తిరుగుతాడని అతనికి తెలుసు. ఆ కాగితాల్లో ఏముందో అతను అడగలేదు, ఈయన చెప్పలేదు. కొంప ముంచింది అదే.

కృపావరం గారు నిలువెత్తు అట్టగొట్టంతో దిగారు. అందులో పటం ఉంది. సత్యానందం గారు పాత ప్రతుల నకళ్ళున్న లావుపాటి ఫైలుతో దిగారు. ఇద్దరూ నమస్కారాలు పెట్టుకున్నారు, కుశలాలు అడుక్కున్నారు, వెనక సీట్లో పక్కపక్కన కూర్చున్నారు. కారు పార్కింగ్ గేటు దాటకముందే మొదలుపెట్టారు.

"సరిహద్దులు ఎప్పుడో గీసేశారండీ. మొత్తం డెబ్బై భాగాలు. ఏ భాగం ఎవరి చేతికి వెళ్ళిందో కూడా తేలిపోయింది. మీరింకా ఒప్పుకోకపోతే ఎలా?" అన్నారు కృపావరం గారు.

"పాత రికార్డులో అది లేదండీ. మీరు నిన్న మొన్న బయటికి తీసిన ప్రతి చూపించి, అదే అసలుదంటే నేను నమ్మను" అన్నారు సత్యానందం గారు.

"పటం తెచ్చాను. హాల్లో గోడకు కడతాను. అందరూ చూస్తారు."

"కట్టండి. నేనూ నకళ్ళు తెచ్చాను."

వీరేందర్ చేతిలో స్టీరింగు ఒకసారి అటూ ఇటూ ఊగింది. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టి పెరిగినవాడికి పటం, పాత రికార్డు, సరిహద్దు అనే మూడు మాటలు ఒకే కారులో వినిపిస్తే ఇక నాలుగోది అక్కర్లేదు. అతని ఇంట్లో ఇదివరకే ఒకసారి రోడ్డు కింద రెండెకరాలు పోయాయి. అప్పుడూ ఇలాగే ఇద్దరు పెద్దమనుషులు ఇస్త్రీ చొక్కాలతో వచ్చి, అట్టగొట్టంలోంచి పటం తీసి గోడకు కట్టారు. కట్టిన రోజు ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకునేసరికి అభ్యంతరాలు చెప్పే గడువు దాటిపోయింది.

దారిలో తుక్కుగూడ దగ్గర టీ కోసం ఆపినప్పుడు అతను చెట్టు చాటుకు వెళ్ళి తండ్రికి ఫోన్ చేశాడు.

"బాపు, జల్ది హాలు కాడికి రా. పాసుబుక్కు పట్టుకరా. సర్వేవోళ్ళు ఒచ్చిన్రు. డెబ్బై ముక్కలు జేసిన్రంట."

"ఎవలు జెప్పిన్రు?" అన్నాడు మొగులయ్య, గట్టు మీద నిలబడిపోయి.

"నా కారులనే కూసున్నరు. పటం గుడ తెచ్చిన్రు. మన సారు గుడ ఆళ్ళతోనే ఉన్నడు."

మొగులయ్య ఆ సంగతి ఇద్దరికే చెప్పాడు. ఆ ఇద్దరూ కూడా పద్ధతిగా ఇద్దరిద్దరికే చెప్పారు. కారు మంఖాల్ చేరేసరికి ఫంక్షన్ హాలు ముందు పెళ్ళికి వచ్చినంత మంది ఉన్నారు. ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళు. మగవాళ్ళ జేబుల్లో పాసుపుస్తకాలు, ఆడవాళ్ళ చేతుల్లో వాటి జిరాక్సులు.

కృపావరం గారు కారు దిగి ఆ జనాన్ని చూసి చలించిపోయారు. పదిహేనేళ్ళుగా ఈ విషయం మీద ఆయన ప్రసంగాలు చేస్తున్నారు. ఎప్పుడూ పన్నెండు మందికి మించలేదు. ఆ పన్నెండులో ఒకరు మైకు మనిషి.

"మూర్తి గారూ, ఈ ప్రాంతంలో వాక్యం కోసం ఇంత ఆకలి ఉందని నాకు తెలియదండీ" అన్నారు ఆయన, అట్టగొట్టాన్ని గుండెకు హత్తుకుని.

నరసింహమూర్తి గారు కుర్చీలు పన్నెండే చెప్పారు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అయినా తన పుస్తకం గురించి వినడానికి ఇంత మంది వచ్చారంటే ఏ రచయిత కారణాలు ఆరా తీస్తాడు? ఆయన కండువా సర్దుకుని లోపలికి నడిచారు.

డబ్బాతో ఆటోలో వచ్చిన లలితకుమారి గారు మాత్రం ఆరుగురి పులిహోరను నాలుగు వందల మందికి ఎలా పంచాలా అని కంగారు పడి, ప్రసాదంలా తలా ఒక చెంచా పెడదామని డబ్బా మూత తీసింది. మొదటి వరసలో ఉన్న మొగులయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఒద్దమ్మా. పోయినసారి గుడ ఉప్మా వెట్టి సంతకం తీసుకున్నరు."

ఆ మాట వెనక వరసల దాకా పాకింది. ఒక్కరూ పులిహోర ముట్టలేదు. ఇంగువ ఎక్కువైందేమోనని ఆవిడ మనసు నొచ్చుకుంది.

ఇంతలో కృపావరం గారు పటం విప్పి గోడకు కట్టారు. పాతకాలపు జనాల పటం అది. డెబ్బై భాగాలు, డెబ్బై రంగులు. మధ్యలో మధ్యధరా సముద్రం నీలంగా, పెద్దగా ఉంది. జనం లేచి పటం దగ్గరికి తోసుకొచ్చారు. మొగులయ్య అందరికంటే ముందు వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ నీలం మీద వేలు పెట్టాడు. ఆయన మొహం పాలిపోయింది.

"గిది మన చెర్వు" అన్నాడు.

"గింత పెద్దగనా?" అన్నాడు వెనకనుంచి కుర్మయ్య. అతని పొలం చెరువు కట్టకు ఆనుకునే ఉంటుంది.

"గదే నేనంటున్న. చెర్వును గింత పెద్దగ గీసిన్రు. నా పొలం, నీ పొలం, బడి, అన్నీ నీళ్ళల్లకు వోయినయ్."

హాల్లో గోల లేచింది. అది భక్తి పారవశ్యం అనుకున్నారు కృపావరం గారు. మైకు అందుకున్నారు.

"ప్రియులారా! ఈ విభజన ఈనాటిది కాదు. చాలా కాలం కిందటే జరిగిపోయింది!"

"మాకు నోటీసు ఇయ్యకుండనే జరిగిపోయిందా?" అని కేక వేసింది ఒకామె.

"దీన్ని మనం మార్చలేం! అంగీకరించడం ఒక్కటే మన పని!"

నాలుగు వందల గొంతులు ఒక్కసారిగా కాదన్నాయి. సత్యానందం గారికి ఆ అరుపు వీనుల విందుగా వినిపించింది. ఆయన లేచి నిలబడి రెండో మైకు తీసుకున్నారు.

"మిత్రులారా, శాంతించండి. ఈ డెబ్బై భాగాల విభజనను మీలో ఎంతమంది ఒప్పుకోరు? చేతులెత్తండి."

హాల్లో ఎత్తని చెయ్యి లేదు. కొందరు రెండేసి ఎత్తారు. పులిహోర గరిటెతో లలితకుమారి గారు కూడా ఎత్తింది. ఆవిడకి మొదటి నుంచీ ఏడో అధ్యాయం నచ్చలేదు.

"చూశారా కృపావరం గారూ! మామూలు ప్రజలకు కూడా తెలుసు!" అన్నారు సత్యానందం గారు విజయగర్వంతో. "పాత రికార్డే నిజం! కొత్తగా తవ్వి తీసిన కాగితాలు చెల్లవు!"

చప్పట్లతో రేకుల కప్పు అదిరింది. వెంటనే నలుగురు ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. డెబ్బై ఏళ్ళ వయసులో అలాంటి గౌరవం ఆయనకు కొత్త. వద్దండీ వద్దండీ అంటూనే జాగ్రత్తగా కూర్చున్నారు. కృపావరం గారిని ఎవరూ ఎత్తుకోలేదు. ఆయన చుట్టూ మాత్రం గుండ్రంగా నిలబడ్డారు.

బయట గేటుకు అడ్డంగా రెండు ట్రాక్టర్లు పెట్టేశారు. పటం చించకుండా, రాతపూర్వకంగా రద్దు చెయ్యకుండా సర్వేవాళ్ళు కదలడానికి వీల్లేదని తీర్మానం అయిపోయింది. సమయం పన్నెండు కావస్తోంది.

అప్పుడు అర్థమైంది నరసింహమూర్తి గారికి. మైకు లాక్కుని గొంతు చించుకుని అరిచారు. "అయ్యా, అమ్మా, మేం సర్వేవాళ్ళం కాదు! ఆ పటం మీ ఊరిది కాదు! అది మూడు వేల ఏళ్ళ కిందటి దేశాలది! మీ భూములతో దానికేమీ సంబంధం లేదు!"

"ముందుగాల గట్లనే అంటరు" అన్నాడు మొగులయ్య ప్రశాంతంగా. "రోడ్డప్పుడు గుడ, పటం మీది కాదన్నరు."

నరసింహమూర్తి గారు కుర్చీలో కూలబడ్డారు. ఒంటిగంటకల్లా ఇక్కణ్ణుంచి కదలకపోతే విమానాలు తప్పిపోతాయి. ఈ ఇద్దరూ మళ్ళీ ఈ జన్మలో ఒక గదిలో కూర్చోరు. మూడేళ్ళు, నాలుగు వందల పేజీలు, ఒక చెరువు పాలయ్యాయి. ఆయనకు నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అది చూసింది అనంతమ్మ. మొగులయ్య భార్య. అప్పటిదాకా లలితకుమారి గారి పక్కన కూర్చుని ఇంగువ గురించి మాట్లాడుతోంది. ఏడుస్తున్న సర్వేవాణ్ణి ఆవిడ ఎప్పుడూ చూడలేదు. లేచి వచ్చింది.

"సారూ, గీ పెద్దమనుషులిద్దరికి పంచాయతి ఏంది? జర నాకు సమజయ్యేటట్టు చెప్పు."

నరసింహమూర్తి గారు చెప్పారు. మూడేళ్ళలో మొదటిసారి రెండే రెండు వాక్యాల్లో చెప్పారు. దేవుడు జనాలకు హద్దులు పెట్టి, ఒక్కో హద్దులో ఒక్కో దేవదూతను ఉంచాడా లేదా అన్నదే తగాదా. ఇద్దరూ ఒప్పుకుంటే తన పుస్తకం అచ్చవుతుంది.

అనంతమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "గిందుకా! ఊరికో అమ్మ ఉంటది గద. మా పొలిమేరల మైసమ్మ ఉన్నది. పక్కూరి పొలిమేరల ఆళ్ళ అమ్మ ఉన్నది. ఎవలి హద్దుల ఆళ్ళుంటరు. అందరి మీద పెద్దాయన ఉండనే ఉంటడు. గీంట్ల పరేషాన్ ఏముంది?"

కృపావరం గారు గబగబా జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నారు. "చూశారా, పాతకాలపు మనుషుల ఆలోచన ఇదే!" భుజాల మీద నుంచి అప్పుడే దిగిన సత్యానందం గారు కూడా రాసుకున్నారు. "చూశారా, ఇలాంటి ఆలోచనలే పాఠంలోకి చొరబడతాయి!"

"మల్ల మొదలువెట్టిన్రు" అంది అనంతమ్మ. మొగుడి వైపు తిరిగింది. "ఏందయ్యా, ఇది భూమి లొల్లి కాదు, దేవుని లొల్లి. ట్రాక్టర్లు తియ్యుండ్రి."

మొగులయ్య పటం వైపు మరోసారి చూశాడు. సిగ్గు పడ్డాడు కూడా. అయితే దెబ్బ తిన్నవాడి తెలివి దెబ్బ తిన్నవాడిదే. "మంచిదే. భూమిది కాకుంటె మంచిదే. అయినా గట్లని రాసియ్యుండ్రి. ఇద్దరు సంతకం వెట్టాలె."

నరసింహమూర్తి గారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇద్దరూ సంతకం. ఒకే కాగితం మీద. ఆయన తెల్లకాగితం తీసి వేగంగా రాశారు. ఈ విషయంలో రెండు పాఠాలున్నాయని ఒకటో మాట. ఒకటి పైన, మరొకటి అడుగున వేయడానికి అభ్యంతరం లేదని రెండో మాట. మూడోది మొగులయ్య చెప్పగా రాశారు.

"పైన ఎవరిది?" అన్నారు పండితులిద్దరూ ఒకేసారి.

"ఎవలు పెద్దోళ్ళయితె ఆళ్ళది" అంది అనంతమ్మ. ఇంత చిన్న సంగతి మూడేళ్ళలో ఎవరికీ తట్టలేదు.

"నేను యాభై ఆరు మే" అన్నారు కృపావరం గారు.

"నాదీ యాభై ఆరే. సర్టిఫికెట్టులో జూలై అని ఉంటుంది కానండీ, బళ్ళో పంతులు తోచినట్టు వేశాడు. అసలు మార్చిలో పుట్టానని మా అమ్మ చెప్పేది. కాబట్టి పెద్దవాణ్ణి నేనే" అన్నారు సత్యానందం గారు.

కృపావరం గారి మొహం నెమ్మదిగా విచ్చుకుంది. "అంటే, అందరి చేతుల్లో తిరిగే ప్రతి తప్పు కావచ్చునన్నమాట. దానికంటే పాత మాట ఎక్కడో దొరికితే అదే నిజమన్నమాట. అంతేనా?"

సత్యానందం గారు ఇరుక్కున్నారు. పెద్దవాడైతే వాదం పోతుంది. వాదం నిలబెట్టుకుంటే చిన్నవాడవుతాడు. ఆయన ఫైలు వైపు చూశారు, అట్టగొట్టం వైపు చూశారు, గోడ గడియారం వైపు చూశారు.

"సర్టిఫికెట్టే ప్రమాణం" అన్నారు చివరికి, తల పైకెత్తి. "నేను చిన్నవాణ్ణే. అడుగున వేసుకోండి."

కృపావరం గారు దీన్ని ఊహించలేదు. లేచి వెళ్ళి ఆయన్ని కౌగిలించుకున్నారు. "నీలాంటి తమ్ముడు ఉండాలయ్యా" అన్నారు. సంతకాలు పడ్డాయి. సాక్షులుగా మొగులయ్య సంతకం, అనంతమ్మ వేలిముద్ర పడ్డాయి. నరసింహమూర్తి గారు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకోబోతే మొగులయ్య ఆపాడు. అసలు ఊరి దగ్గర ఉండాలని, సారు జిరాక్సు తీసుకోవచ్చని అన్నాడు. బేరం కుదిరింది. ఆ తర్వాత అందరూ కలిసి పులిహోర మీద పడ్డారు. విమానాలు అందాయి. ఆ రాత్రి లలితకుమారి గారు మొగుడికి టేబుల్ మీద వడ్డించింది.

మూడు నెలలకు పుస్తకం అచ్చుకు సిద్ధమైంది. ప్రచురణకర్తలు ఒక్క పేచీ పెట్టారు. ఏడో అధ్యాయం అడుగున ఉన్న పాదసూచికలో చివరి వాక్యం తీసేద్దామన్నారు. నరసింహమూర్తి గారికీ అదే నయమనిపించింది. కానీ పరిశీలకులు ఇద్దరూ విడివిడిగా ఘాటైన ఉత్తరాలు రాశారు. సంతకాలు పడిన పాఠంలో ఒక్క అక్షరం తీసేసినా తాము ఊరుకోమన్నారు. మూడేళ్ళలో ఎవరూ చెప్పకుండా వాళ్ళు ఏకీభవించిన విషయం ఇదొక్కటే.

ఆ విధంగా, బైబిల్లోని కనిపించని లోకం గురించిన ఆ పుస్తకంలో రెండు వందల పన్నెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "పై సరిహద్దులు మంఖాల్ గ్రామానికి, దాని చెరువుకు, మొగులయ్య పొలానికి వర్తించవు." ఒక పరిశోధక విద్యార్థి అప్పుడే ఉత్తరం రాశాడు. ఈ మంఖాల్ పాత నిబంధనలో ఏ అధ్యాయంలో వస్తుందో తెలుపగలరా అని అడిగాడు. నరసింహమూర్తి గారు దానికింకా జవాబు రాయలేదు.

రెండో ముద్రణలో ఆ వాక్యంలో తమ ఊరి పేరు కూడా చేర్చాలని మంఖాల్ దగ్గరి కందుకూరు నుంచి నూటపది సంతకాలతో అర్జీ వచ్చింది.